తేనెటీగల భాష నెఱిగిన శాస్త్రజ్ఞుడు

నల్లగొండ సీమలో బత్తాయి తోటలు పూతపట్టిన దినములలో ఏ చెట్టుకడ నిలిచినను తేనెటీగల ఝంకారము చెవిని పడును. మూసీనది కృష్ణలో కలియు వాడపల్లి క్షేత్రమునకు మిర్యాలగూడనుండి పోవు బాటసారియు, పొలము గట్టున గుమ్మడి పాదును సాకు రైతును ఈ నాదము నెఱుగనివారు కారు. అయినను ఇందొక వింత కలదు. ప్రొద్దున ఒక్క ఈగ వచ్చి పూవును చూచిపోవును. గడియ తిరుగకమునుపే పదులకొలది ఈగలు ఆ చెట్టునే వెదకికొని వచ్చును. వానికి దారి యెవరు చెప్పిరి? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుటలో ఒక మహనీయుడు తన జీవితమున సగమునకు మించిన కాలమును వినియోగించెను. ఆయనయే ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ ఫాన్ ఫ్రిష్. ఆయన తేనెటీగలను కాపాడుటకు పూనుకొనెను. ఒక విపత్సమయమున తేనెటీగలే ఆయనను కాపాడినవి. ఆ కథ మన ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది.

కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1886వ సంవత్సరము నవంబరు 20వ తేదీన వియన్నా నగరమున జన్మించెను. తండ్రి ఆంటన్ ఫాన్ ఫ్రిష్ ప్రసిద్ధ శస్త్రవైద్యుడు. తల్లి మరీ, ఎక్స్‌నర్ అను పండిత వంశమునకు చెందినది. ఆమె సోదరులలో ఒకడు భౌతికశాస్త్రాచార్యుడు. మఱియొకడగు సిగ్మండ్ ఎక్స్‌నర్ కీటకముల కన్నులనుగూర్చి ప్రామాణిక గ్రంథమును రచించిన శరీరశాస్త్రవేత్త. నలుగురు కుమారులలో కార్ల్ కడపటివాడు. వోల్ఫ్‌గాంగ్ సరస్సు ఒడ్డున బ్రున్‌వింకిల్ అనుచోట పాతకాలపు తిరుగలిమిల్లొకటి వారి వేసవి విడిది. అచ్చటి కొండచరియలు, చెట్లు, నీటిమడుగులు బాలుడగు కార్ల్‌కు తొలి పాఠశాలలైనవి. ఏ జంతువు కంటబడినను తెచ్చి పెంచుట, గంటలకొలది కదలక కూర్చుండి దాని నడవడిని గమనించుట ఆయనకు చిన్ననాటనే అలవడెను. ఓర్పుతో చూచుటయే ఆయన విద్యకు పునాది.

తండ్రి కోరికపై మొదట వైద్యవిద్యయందు ప్రవేశించెనుగాని, మనస్సు జంతుశాస్త్రముపైననే లగ్నమై యుండుటచే ఆయన దారి మార్చుకొనెను. మ్యూనిక్ నగరమున రిచర్డ్ హెర్ట్‌విగ్ అను ప్రఖ్యాత ఆచార్యునికడ శిక్షణపొంది, 1910లో డాక్టరు పట్టము నందెను. చేపలు తామున్న తావునుబట్టి దేహవర్ణమును మార్చుకొనుటపై ఆయన తొలి పరిశోధన సాగెను.

ఆ కాలమున కార్ల్ ఫాన్ హెస్ అను నేత్రవైద్య నిపుణుడు చేపలకును కీటకములకును రంగులు తెలియవని ప్రకటించియుండెను. ఆయన పేరుప్రతిష్ఠలు గల పెద్ద. ఫ్రిష్ ఇంకను ముప్పది యేండ్లు నిండని యువకుడు. అయినను ఫ్రిష్ మనస్సు ఆ తీర్పునకు సమ్మతింపలేదు. తేనెటీగలకు రంగులు కనబడనిచో పూవులకు ఇన్ని వన్నె లెందులకు? పరాగసంపర్కమునకై కీటకముల నాకర్షించుటకే పూవులు రంగులు దాల్చినవను సిద్ధాంతమునకు అర్థమేమి? వాదముతో గాక ప్రయోగముతోనే దీనిని తేల్చవలెనని ఆయన నిశ్చయించెను.

ఆ ప్రయోగము మన పాఠశాల ఆవరణమునందును చేయదగినంత సరళమైనది. ఒక బల్లపై నలుపునకును తెలుపునకును నడుమ గల వివిధ ఛాయల బూడిదరంగు చీటీలను పఱచి, వాని నడుమ ఒకే నీలి చీటీని ఉంచెను. ప్రతి చీటీపైనను చిన్న గాజుగిన్నె నుంచి, నీలి చీటీపైనున్న గిన్నెలో మాత్రము చక్కెరనీరు పోసెను. ఈగలు దానికి అలవాటుపడిన పిదప చీటీల స్థానములు మార్చి, గిన్నెలన్నిటిని ఖాళీచేసెను. అయినను ఈగలు నీలి చీటీకే వచ్చి మూగినవి. రంగు తెలియక కేవలము వెలుగుచీకట్ల భేదమే తెలిసినచో, అంతే వెలుగుగల ఏదో యొక బూడిదరంగు చీటీతో అవి భ్రమపడవలసి యుండెను. అట్లు భ్రమపడలేదు. ఎఱుపును మాత్రము అవి ముదురు బూడిదరంగునుండి వేఱుచేయలేకపోయెను. ఈ ఫలితములు 1914లో గ్రంథరూపమున వెలువడెను. మనకన్నుకు కానరాని అతినీల కిరణములు సైతము తేనెటీగకు రంగుగానే కనిపించునని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

అంతలో మొదటి ప్రపంచయుద్ధము చెలరేగెను. దృష్టిలోపమువలన ఫ్రిష్ సైన్యమున చేరలేదు. వియన్నాలో తన అన్న ఆధ్వర్యముననున్న వైద్యశాలలో చేరి, కలరా, టైఫాయిడ్, రక్తగ్రహణి మున్నగు రోగముల క్రిములను గుర్తించుటకై ప్రయోగశాల నెలకొల్పి సేవచేసెను. అచ్చటనే పరిచారికగానున్న మార్గరెట్ మోర్ అను యువతితో పరిచయమై, 1917లో వారి వివాహము జరిగెను. క్రిములను పరీక్షించుటలో అచ్చట గడించిన అనుభవము వృథాపోలేదు.

యుద్ధానంతరము 1919లో మ్యూనిక్ విద్యాలయ ప్రాంగణమున ఆయన జీవితమును మలుపుత్రిప్పిన సంఘటన జరిగెను. ఒకే తేనెపట్టును రెండు గాజుపలకల నడుమ అమర్చి, లోపలి ఈగల చర్యలన్నియు కనబడునట్లు ఒక పెట్టెను చేయించుకొనెను. చక్కెరనీటి గిన్నెకు వచ్చిన ఈగల వీపున రంగుచుక్కలు పెట్టెను. గిన్నె ఎండిపోయిన పిదప మరల నింపగా, దానిని కనుగొనిన ఒక ఈగ పెట్టెకు తిరిగివచ్చి పట్టుపై గుండ్రముగా తిరుగుచు నృత్యము చేయసాగెను. చుట్టునున్న ఈగలు దాని వెంబడి పరుగెత్తి, మీసములతో దానిని తాకి, వెంటనే గిన్నెవద్దకు ఎగిరిపోయెను. నృత్యమే వాని వార్త యని ఆ క్షణమున ఆయనకు స్ఫురించెను.

ఈగలు చేయు నృత్యము రెండు విధములు. గుండ్రముగా తిరుగునది యొకటి; సరళరేఖలో పొట్టను ఇటునటు ఊపుచు కొంతదూరము నడచి, అర్ధవలయముగా వెనుకకు వచ్చి, మరల అదేరేఖపై నడచునది రెండవది. మొదటిది మకరందము దొరకినదను వార్తయనియు, రెండవది పుప్పొడి దొరకినదను వార్తయనియు ఆయన నిర్ణయించి 1923లో ప్రకటించెను. పండితలోకము దానిని అంగీకరించెను. రోస్టాక్, బ్రెస్లౌ విశ్వవిద్యాలయములలో ఆచార్యపదవులు నిర్వహించిన పిదప, 1925లో తన గురువగు హెర్ట్‌విగ్ పీఠమును అధిష్ఠించుటకు ఆయన మ్యూనిక్ చేరెను. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థవారి ద్రవ్యసహాయముతో అచ్చట నూతన జంతుశాస్త్ర మందిరము వెలసెను. చేపలకు వినికిడి కలదని నిరూపించినదియు ఆయనయే.

ఇట్లు కీర్తి పరాకాష్ఠ నందుకొనుచున్న వేళ జర్మనీలో హిట్లరు ప్రభుత్వము నెలకొనెను. 1933లో వచ్చిన చట్టముచే యూదులగు ఆచార్యులు పదవులనుండి తొలగింపబడసాగిరి. ప్రతి ఉద్యోగియు తన తాతముత్తాతల వంశమును నిరూపించుకొనవలసి వచ్చెను. ఫ్రిష్ మాతామహి యూదు వంశజురాలు. అదియునుగాక, తన ప్రయోగశాలయందు యూదులగు సహాయకులకు చోటిచ్చెనను నేరమును ఆయనపై మోపిరి. నాజీ పక్షమునకు చెందిన వారు కొందఱు విద్యాలయములోపలనుండియే ఆయనకు వ్యతిరేకముగా పనిచేసిరి. తుదకు 1941లో ఆయనను ఆచార్యపదవినుండి విరమింపజేయ నిర్ణయించినట్లు ప్రభుత్వమునుండి ఉత్తరువు వచ్చెను. ఇరువదియేండ్లు శ్రమించి కూర్చుకొనిన పరిశోధన యంతయు ఒక్క కాగితముతో కూలిపోవు స్థితి యేర్పడెను. మిత్రులును శిష్యులును చేసిన విన్నపములు ఫలింపలేదు.

ఆ సమయముననే జర్మనీలోని తేనెటీగలకు మహమ్మారి సోకెను. 1940 మొదలు రెండేండ్లలో లక్షలకొలది తేనెటీగల కుటుంబములు నశించెను. ఆ రోగమునకు కారణము నోసిమా అను సూక్ష్మ పరాన్నజీవి. దీనిని 1909లో ఎనోక్ జాండర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించి పేరుపెట్టెను. దీని బీజములు ఆహారముతోగాని, మలినమైన పట్టును శుభ్రముచేయునపుడుగాని ఈగ కడుపులో ప్రవేశించి, జీర్ణకోశపు గోడలలోని కణములను ఆక్రమించి, వానిని భక్షించి వృద్ధిపొందును. జీర్ణశక్తి నశించిన ఈగ అల్పాయువగును; దాని మలముతో కోట్లకొలది బీజములు వెలువడి తక్కిన ఈగలకు సోకును. శీతకాలమున ఈగలు వెలికి పోలేక పెట్టెలోపలనే యుండు చలిదేశములలో ఇది మిక్కిలి ప్రమాదకరము.

తేనె పోయినందులకే ప్రభుత్వము భయపడలేదు. యుద్ధకాలమున ఆహారము బంగారముకంటె విలువైనది. పండ్లతోటలు, నూనెగింజల పైరులు, పశుగ్రాసమునకు వలయు విత్తనములు ఇవన్నియు తేనెటీగల పరాగసంపర్కముపై ఆధారపడియున్నవి. ఈగలు నశించినచో పంట నశించును. పంట నశించినచో దేశమే ఆకలిపాలగును. ఈ విపత్తును ఎదుర్కొనగల విద్వాంసుడెవడని వెదకగా, ఏ మనుష్యుని ప్రభుత్వము పనికిరానివానిగా త్రోసివేయ నెంచెనో ఆతడే ముందు నిలిచెను. ఆహారశాఖవారు నోసిమా పరిశోధనను ఫ్రిష్‌కు అప్పగించిరి. ఆయన తొలగింపును యుద్ధాంతమువఱకు వాయిదా వేసిరి. యుద్ధము ముగియునాటికి ఆ ప్రభుత్వమే లేకపోయెను.

ఈ రోగమునకు సిద్ధౌషధమేదియు ఫ్రిష్ పరిశోధనవలన లభింపలేదు. నోసిమాను అణచు ఫ్యుమాగిలిన్ అను ఔషధమును కెనడాలోని శాస్త్రజ్ఞులు 1952లో ప్రకటించిరి. అయినను ఆయన శ్రమ వ్యర్థము కాలేదు. ఉన్న ఈగలచేతనే అధిక ప్రయోజనమును పొందు మార్గమును ఆయన అన్వేషించెను. ఏ పైరుపై ఈగలు వ్రాలవలెనో ఆ పైరు పూల పరిమళమును చక్కెరనీటికి పట్టించి పెట్టెలో ఆహారముగా ఉంచినచో, ఈగలు ఆ పరిమళమును గుర్తించి ఆ పైరునే వెదకికొని పోవును. సాధారణముగా ఈగలు అంతగా ఇష్టపడని పశుగ్రాసపు పైరుకు సైతము ఈ విధముగా వానిని మళ్లించి విత్తనపు దిగుబడిని పెంచవచ్చునని ఆయన చూపెను.

ఈ పనియే ఆయనను మరల నృత్యరహస్యమువద్దకు తెచ్చెను. 1944లో మ్యూనిక్‌పై కురిసిన బాంబులకు ఆయన ఇల్లును, విద్యామందిరమును ధ్వంసమయ్యెను. ఆయన తన ఈగలతో చిన్ననాటి బ్రున్‌వింకిల్‌కు చేరెను. అచ్చట ఆహారపు గిన్నెను పెట్టెకు దూరముగా నుంచి ప్రయోగము చేయగా ఒక వింత కనబడెను. దూరమునుండి చక్కెరనీరు తెచ్చిన ఈగలును పొట్ట నూపు నృత్యమునే చేయుచున్నవి. అటులైన ఆ నృత్యము పుప్పొడికి గుర్తు కానేరదు.

తన తొలి నిర్ణయము తప్పని ఫ్రిష్ అప్పుడు గ్రహించెను. మునుపటి ప్రయోగములలో చక్కెరనీటి గిన్నె పెట్టెకు ప్రక్కనే యుండెను. పుప్పొడి తెచ్చు ఈగలు మాత్రము దూరమునగల పూవులనుండి వచ్చుచుండెను. నృత్యభేదమునకు కారణము ఆహారములోని భేదము కాదు, దూరములోని భేదము. ఇరువదియేండ్లుగా లోకమంతయు అంగీకరించి, పాఠ్యగ్రంథములలో చేరిన తన సిద్ధాంతమును ఆయన తానే త్రోసిపుచ్చి, సవరించిన సిద్ధాంతమును 1946లో ప్రకటించెను. అట్లు సవరించుటకు సంశయించియుండినచో అంతకంటె గొప్పదగు సత్యము ఆయనకు దక్కెడిది కాదు.

ఆ సత్యమేమనగా, పొట్ట నూపు నృత్యమునందు దూరమును దిక్కును రెండును చెప్పబడుచున్నవి. ఆహారము నూఱు మీటర్ల దూరముననున్నచో ఈగ 15 సెకండ్లలో తొమ్మిది పది పర్యాయములు ఆ సరళరేఖపై నడచును. 500 మీటర్లయినచో ఆఱు పర్యాయములు. వేయి మీటర్లయినచో నాలుగైదు పర్యాయములు. దూరము పెరిగినకొలది నృత్యము మందగించును. ఇక దిక్కు తెలుపు విధము మఱింత అద్భుతము. పెట్టెలోపల చీకటి, పట్టు నిలువుగా వ్రేలాడుచుండును, సూర్యుడు కానరాడు. కనుక ఈగ పై దిక్కును సూర్యుని దిక్కుగా భావించును. ఈగ సరిగా పైకి నడచినచో ఆహారము సూర్యునివైపున కలదని అర్థము; క్రిందికి నడచినచో సూర్యునికి వెనుకవైపున కలదని అర్థము.

విద్యార్థులకు సులభముగా తెలియుటకై మన ప్రాంతముననే ఒక ఉదాహరణము తీసికొందము. వాడపల్లిలో ఒక తేనెపెట్టె యున్నదనుకొనుడు. ఉదయమున సూర్యుడు సరిగా తూర్పున నున్నాడు. పూచిన తోట ఉత్తరమున మిర్యాలగూడ దారిలో ఒక కిలోమీటరు దూరమున కలదు. తూర్పునకు అభిముఖముగా నిలిచినవానికి ఉత్తరము ఎడమచేతివైపున 90 డిగ్రీల కోణమున నుండును. కావున నాట్యమాడు ఈగ పట్టుపై నిలువురేఖకు ఎడమవైపున 90 డిగ్రీల కోణముతో, అనగా అడ్డముగా ఎడమకు నడచును. 15 సెకండ్లలో నాలుగైదు మార్లు ఆ నడకను సాగించును. ప్రొద్దెక్కి సూర్యుడు జరిగినకొలది నృత్యపు కోణమును దానికి తగినట్లు మారుచుండును. కాగితముపై కోణమానినితో గీచి చూచిన ఏ విద్యార్థియు ఈ లెక్కను మఱువడు.

మబ్బుపట్టి సూర్యుడు మాటుపడినపుడు ఈగలేమి చేయును? ఆకాశమున కొంచెము నీలిభాగము కనబడినను చాలునని 1949లో ఫ్రిష్ నిరూపించెను. ఆకాశపు వెలుగులో ధ్రువీకరణమను ఒక లక్షణము కలదు. మన కన్నుకు అది తెలియదు; తేనెటీగ కన్ను దానినిబట్టి సూర్యుడున్న తావును గ్రహింపగలదు.

ఇంత చిన్న ప్రాణికి ఇంతటి భాష యుండునా యని సందేహించినవారు లేకపోలేదు. 1967లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందఱు ఈగలు వాసనను మాత్రమే అనుసరించి పోవునని వాదించిరి. ఆ వాదము పెక్కేండ్లు సాగెను. తుదకు 2005లో బ్రిటనులోని పరిశోధకులు ఈగల వీపున అతిసూక్ష్మ పరికరములను అతికించి, రాడారుతో వాని పయనమును గుర్తించిరి. నృత్యమును అనుసరించిన ఈగలు చెప్పిన దిక్కుగా, చెప్పిన దూరమువఱకు సూటిగా పోయినవి. అచ్చటికి చేరిన పిదపనే వాసనకై వెదకినవి. ఫ్రిష్ పలుకు నిజమయ్యెను.

యుద్ధానంతరము కొంతకాలము గ్రాజ్ నగరమున పనిచేసి, 1950లో మ్యూనిక్ తిరిగివచ్చి, 1958లో ఆయన పదవీవిరమణము చేసెను. శాస్త్రమును సామాన్యజనులకు అందజేసినందులకు 1958వ సంవత్సరపు కళింగ బహుమానము ఆయనకు లభించెను. యునెస్కో ద్వారా ఒసగబడు ఆ బహుమానమునకు ధనము సమకూర్చినవాడు మన పొరుగుననున్న ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్ అనునది మనకు గర్వకారణము. 1973లో కొన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బెర్గెన్ అను శాస్త్రజ్ఞులతో కలసి నోబెల్ బహుమానము నందినపుడు ఆయన వయస్సు 86 ఏండ్లు. 1982వ సంవత్సరము జూన్ 12వ తేదీన మ్యూనిక్ నగరమున తన 95వ యేట ఆయన దివంగతుడయ్యెను.

ఆయన పరిశోధన మన దేశపు ఈగలకును సంబంధించినదే. ఆయన శిష్యుడు మార్టిన్ లిండౌవర్ సింహళమునకు వచ్చి మన ప్రాంతములందును గల జాతులను పరీక్షించెను. పొదలలో చిన్న పట్టు పెట్టు జుంటి తేనెటీగ పట్టు పైభాగమున, ఆరుబయట, సమతలముపై నృత్యముచేసి ఆహారమున్న దిక్కును నేరుగా చూపునని ఆయన కనుగొనెను. కొండలకును పెద్ద వృక్షములకును పట్టుపెట్టు పెద్ద తేనెటీగయు, చెట్టు తొఱ్ఱలలో నివసించు ఈగయు నిలువు పట్టుపై ఆడును.

ఈగల ఆరోగ్యసమస్య నేటికిని తీరలేదు. ఆసియా ఈగలయందు 1996లో వర్ణింపబడిన మఱియొక నోసిమా జాతి తరువాత ఐరోపా ఈగలకు సోకి లోకమంతట వ్యాపించెను. 1990 దశకమున థాయి శాక్‌బ్రూడ్ అను వైరస్ రోగము దక్షిణభారతమున తొఱ్ఱ యీగల కుటుంబములను విశేషముగా నాశనము చేసెను. మైనమును తొలుచు పురుగు బలహీనమైన పట్టులను పాడుచేయును. వీనికి తోడు పైరు పురుగులను చంపుటకు చల్లు మందులు తేనెటీగలనును చంపుచున్నవి. గుమ్మడి, దోస, బీర పాదులలో ఆడపూవులును మగపూవులును వేఱువేఱుగా నుండుటచే పుప్పొడిని మోయు కీటకములు లేనిచో కాయయే నిలువదు. కావున పూతకాలమున మందు చల్లకుండుటయు, చల్లక తప్పనిచో ఈగలు గూడు చేరిన సాయంసమయమున చల్లుటయు రైతునకు క్షేమము. ఇది పాఠశాలలో నేర్చిన బాలుడు ఇంటికిపోయి తండ్రికి చెప్పదగిన మాట.

వంశమును చూచి మనుష్యుని వెలకట్టిన ప్రభుత్వము పండ్రెండేండ్లకే కూలెను. పట్టుపై ఒక ఈగ తిరుగుటను ఓర్పుతో చూచిన మనుష్యుని పని నిలిచెను. తేనెటీగ పూవునుండి పూవునకు పోవునంతకాలము ఆయన పేరు విద్యార్థిలోకమున వినబడుచునే యుండును.